బూడిదరంగు బొట్టు

మనవాళ్ల కళ్లు నలుపు. ముఖం మీద ఫ్లాష్ కొట్టినా, తెల్లవాళ్లకు పడినట్టు కంటిపాప ఎర్రగా పడటం మనకు తక్కువ. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఇంట్లో ఉన్న పెళ్లి ఆల్బం ఒకటి తిరగేస్తే చాలు. అయినా ఎర్రకళ్లను సరిచేసే ప్రోగ్రాం రాయమని మా ఎండీ ఒక వేసవంతా నా ప్రాణం తోడేశాడు. కారణం ఒక్కటే. విదేశీ సాఫ్ట్‌వేర్ల అట్టపెట్టెల మీద ఆ సదుపాయం ఉందని రాసి ఉంది, మా పెట్టె మీద లేదు.

మాది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డు మీది అంతస్తు. ఫొటో ల్యాబుల కోసం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. స్టూడియోల వాళ్లు ఒక్కొక్కరే రీలు కెమెరా వదిలి డిజిటల్‌కు మారుతున్న రోజులవి. ఒక్క పెళ్లికి వందల ఫొటోలు. ప్రతి ఫొటోలో వెలుతురూ రంగూ చేత్తో సరిచేయాలంటే ల్యాబు వాళ్ల నడుము విరిగేది. మా సాఫ్ట్‌వేర్‌లో ఆల్బం మొత్తం పడేస్తే అదే అన్నీ సరిచేసి ఇస్తుంది. ఇస్తుందని చెప్పి అమ్మేవాళ్లం.

మా ఎండీకి అమ్మకాల కన్నా పరిశోధన అంటే మోజు. మెట్లెక్కగానే కనపడేలా గోడ మీద రీసెర్చ్ సెంటర్ అని ఇత్తడి అక్షరాలు కొట్టించాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కింద షెడ్డులో తీగలు లాగే యంత్రం ఉండేది. అది నడిచినంతసేపూ మా స్కానర్ వణికేది, స్కాన్ చేసిన పాత ఫొటోల్లో అడ్డగీతలు పడేవి. ఆ గీతలను తొలగించే పద్ధతి కనిపెట్టడానికి మేం ఆరు నెలలు తలలు బద్దలు కొట్టుకున్నాం. స్కానర్ కింద మందపాటి రబ్బరు షీటు వేస్తే పోతుందని ఆరు నెలలయ్యాక ఆఫీసు ఊడ్చే ఆమె చెప్పింది. వేస్తే పోయింది కూడా. అప్పటికే గీతల తొలగింపు మా కంపెనీ పరిశోధనల జాబితాలో మొదటి అంశంగా ఎక్కి కూర్చుంది.

నేను ఉప్పల్‌లోనే పెరిగాను. మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, అక్కడి ప్రభుత్వ పరిశోధనశాలలోనే రిటైరయ్యాడు. ఇంట్లో ఒక మాట, గడప దాటితే ఒక మాట మాట్లాడుతూ పెరిగిన పిల్లల్లో నేనొకదాన్ని. ఇంజినీరింగ్ అయ్యాక ఇంటికి దగ్గరని ఈ కంపెనీలో చేరాను. దగ్గరని ఉద్యోగంలో చేరేవాళ్లకు నా సలహా ఒకటుంది కానీ ఎవరూ అడగరు.

సరే, రాశాను. చర్మం రంగు మధ్యలో ఎర్రగా, గుండ్రంగా ఏదైనా చుక్క కనిపిస్తే అది ఎర్రబడ్డ కన్ను. దాని ఎరుపు తీసేసి బూడిద కలిసిన నలుపు చెయ్యాలి. ఇంతే నా ప్రోగ్రాం. పరీక్షించడానికి ఫొటోలు కావాలి కదా, ఒక విదేశీ విశ్వవిద్యాలయం వాళ్లు నెట్‌లో పెట్టిన ముఖాలన్నీ దించుకున్నాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఎండీ స్వీట్లు పంచాడు. అట్టపెట్టె మీద కొత్త మాట అచ్చయింది.

రెండు నెలలకు ఉప్పల్ చౌరస్తా దగ్గర ల్యాబు నడిపే ఆయన మెట్లెక్కి వచ్చాడు. మధ్యాహ్నం, కరెంటు లేదు, యూపీఎస్‌లు కీచుకీచుమంటున్నాయి. చంకలో ఉన్న పెళ్లి ఆల్బం తీసి నా బల్ల మీద పడేశాడు.

"గిదేంది మేడం? పెండ్లిపిల్ల మొకం మీద బొట్టేది?"

తెరిచి చూశాను. తలంబ్రాల ఫొటోలో పెళ్లికూతురి నుదుటి మీద బూడిదరంగు చుక్క. పేజీ తిప్పితే ఆమె తల్లికీ బూడిదే. మేనత్తలకు, పిన్నమ్మలకు, అరుగు మీద కూర్చున్న ముసలామెకూ బూడిదే. ఆడవాళ్లంతా నిలబడి దిగిన ఫొటోలో ఒక్కరి నుదుటి మీద కూడా కుంకుమ లేదు. ఒక్కొక్కరిని ముక్కంటిని చేసి, మూడో కంటికి వైద్యం చేసింది నా ప్రోగ్రాం.

ఇంట్లో మా అమ్మ ప్రతి పొద్దునా రూపాయి కాసంత కుంకుమబొట్టుతో ఎదురుగా నిలబడి నాకు టిఫిన్ డబ్బా అందించేది. ఆ బొట్టు చూస్తూ బయలుదేరి, రెండు బస్టాపులు దాటి ఆఫీసుకొచ్చి, మనిషి ముఖం మీద కళ్లు తప్ప ఎర్రటి గుండ్రటిది ఇంకేదీ ఉండదని రాశాను. నా చదువును ఏ చెప్పుతో కొట్టాలో తెలియలేదు.

ల్యాబు ఆయన చెప్పిన సంగతి ఇంకా ఘోరం. ఫొటోలు చూడకుండానే ప్రింటు వేయవచ్చని మా పెట్టె మీద రాసి ఉంది కాబట్టి ఆయన చూడకుండానే వేశాడట. ఆల్బం మగపెళ్లివారింట్లో తెరిచారు. కొత్త పెళ్లికూతురి నుదుట బూడిద చూసి పెళ్లికొడుకు నాయనమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయిందట. పెళ్లికూతురి తల్లి ల్యాబుకొచ్చి కౌంటర్ ముందు నిలబడి ఏడ్చిందట. ఆయన తిట్టి ఉంటే నాకు కొంత బాగుండేది. ఆల్బం అక్కడే వదిలేసి, వారంలో సరిచేసి ఇవ్వకపోతే మా సాఫ్ట్‌వేర్ సంగతి ఊళ్లో అన్ని ల్యాబులకూ చెబుతానని వెళ్లిపోయాడు. నాకు తల తీసేసినట్టయింది.

ఆ ఆల్బం సరిచేసింది మా ఆఫీసులో మూల బల్ల దగ్గర కూర్చునే టచప్ అన్న. ఆయనకు యాభై దాటాయి. నల్గొండ జిల్లా నుంచి చిన్నప్పుడే వచ్చి, రామంతాపూర్‌లో ఒక స్టూడియోలో ముప్పై ఏళ్లు టచప్ పని చేశాడు. అంటే నెగెటివ్‌ను గాజుబల్ల మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలు తీయడం, కంటికింది నలుపు తగ్గించడం, పెళ్లిచూపుల ఫొటోలకు ముఖంలో కాస్త కళ తేవడం. డిజిటల్ వచ్చి ఆ స్టూడియో మూతబడితే మా దగ్గరికి వచ్చాడు. ప్రోగ్రాం వదిలేసినవి చేత్తో దిద్దడం ఆయన పని. పరిశోధన చేసే కంపెనీలో టచప్ అనే ఉద్యోగం ఉంటే బాగుండదని ఎండీ ఆయన్ను కాగితాల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్‌ను చేశాడు. మౌస్‌ను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. మొదటి వారం నన్ను మేడం అన్నాడు, తర్వాత చెల్లె అన్నాడు.

మూడు రోజులు కూర్చుని ఒక్కొక్క బొట్టూ దిద్దాడు. నాకేమో గడువు దగ్గర పడుతోందని కంగారు. ఒక మంచి ఎరుపు చూసి అన్నిటికీ కాపీ కొట్టమని వెనక నిలబడి సతాయించాను. ఆయన వినలేదు. పెళ్లికూతురిది తడి కుంకుమ, అంచు చిక్కగా ఉండాలి. తల్లిది పొద్దున పెట్టుకున్నది, చెమటకు కొంచెం కిందికి జారి ఉంటుంది. మేనత్తది స్టిక్కరు. ముసలామెది పొడి కుంకుమ, చర్మం ముడతల్లోకి పాకి ఉంటుంది.

"అందరికి ఒక్కటే బొట్టు పెడితె గది పెండ్లి లెక్కుండదు చెల్లె, బడి పిల్లల డ్రెస్సు లెక్కుంటది," అన్నాడు తల తిప్పకుండానే.

చిరాకులోనే అడిగాను, ఏది కన్నో ఏది బొట్టో ప్రోగ్రాంకు ఎలా చెప్పాలో తెలిస్తే నీకు ఈ తిప్పలు ఉండవు కదా అని. అప్పుడు మౌస్ వదిలి నా వైపు తిరిగాడు.

"కంటి ఎరుపు సుట్టు తెలుపుంటది. బొట్టు సుట్టు తోలుంటది. గంత ఫరకు గూడ తెల్వదా గీ డబ్బకు?"

డబ్బాకు తెలియకపోవడం కాదు, డబ్బాకు చెప్పిన నాకే తెలియలేదు. ఆ మాట పట్టుకుని మళ్లీ మొదటి నుంచి రాశాను. కానీ ఒక్క మాటతో అయ్యే పని కాదు. నిజం ఫొటోలు కావాలి, వాటిలో ప్రతి ఎర్ర చుక్కకూ అది ఏమిటో ఒక మనిషి చెప్పాలి. ల్యాబు ఆయన కోపం తగ్గాక పాత ఆల్బంల ఫొటోలు ఇచ్చాడు. ఆ చుక్కలన్నీ చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి అన్న ముందు పెట్టాను. ఆయన పొడుగు నోటుబుక్కులో గళ్లు గీసుకుని, ఒక్కో ముక్క నంబరు ఎదురుగా ఒక అక్షరం రాసేవాడు. క అంటే కన్ను, బొ అంటే బొట్టు, పా అంటే పారాణి, రా అంటే ముక్కుపుడక రాయి. ఎనిమిది నెలలు ఇదే పని. నాలుగు నోటుబుక్కులు నిండాయి.

ఆ ఎనిమిది నెలల్లో నేను ఇంజినీరింగ్ కాలేజీలో నేర్చుకున్నదాని కన్నా ఎక్కువ నేర్చుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఒకసారి బరాత్ ఫొటోలో ఒక పెద్దమనిషి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ప్రోగ్రాం వాటిని ఎర్రకళ్లే అంది, నేనూ అవుననే అన్నాను. అన్న ఒప్పుకోలేదు. పాప నల్లగానే ఉంది, గుడ్డు ఎర్రబడింది, ఇది ఫ్లాష్ కాదు మందు, దీన్ని ముట్టుకోవద్దు అని తేల్చేశాడు. ఆ నియమం కూడా ప్రోగ్రాంలో పెట్టాను. అప్పటి నుంచి మా సాఫ్ట్‌వేర్ తాగినవాళ్ల జోలికి వెళ్లలేదు.

ప్రోగ్రాం పనిచేసింది. బొట్టు బొట్టుగా, కన్ను కన్నుగా మిగిలాయి. మల్కాజిగిరిలో ఉండే రిటైర్డ్ ప్రొఫెసర్ ఒకాయన వారానికోసారి సలహాదారుగా వచ్చేవాడు. ఆయన ఇది చూసి, ఇలాంటి పని ఇంతవరకు తన కంటపడలేదు, వ్యాసం రాసి ఏదైనా సదస్సుకు పంపమన్నాడు. ఎండీకి ఏనుగు ఎక్కినంత సంబరం. రాసే పని మాత్రం యథాప్రకారం నాకు పడింది.

ఆ సాయంత్రమే నేను అన్న బల్ల దగ్గరికి వెళ్లి, ఈ వ్యాసం రాసినవాళ్లలో నీ పేరు కూడా వేస్తాను అని చెప్పాను. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే చెప్పాను. ఆయన మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. అచ్చులో పడుతుందా, నెట్‌లో కూడా కనిపిస్తుందా అని అడిగాడు. రెండిటిలోనూ అన్నాను.

"ముప్పయ్యేండ్ల సంది మంది మొకాలు దిద్దుతున్న చెల్లె. పొటువ ఎన్క స్టూడియో ముద్ర పడుతది గని, నా పేరు యాడ పడలే," అన్నాడు.

చెంగిచెర్లలో ఆయన రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. పేరు సంగతి ఆ వారంలోనే ఇంట్లోనూ, ఇంటి పక్కవాళ్లకూ, పాత స్టూడియో యజమానికీ చెప్పేశాడు. చెప్పకుండా ఎలా ఉంటాడు?

వ్యాసం పూర్తయ్యాక ఎండీ నన్ను గదిలోకి పిలిచాడు. పేర్ల వరుస ఆయనే మార్చి పెట్టుకున్నాడు. మొదట ఎండీ, తర్వాత ప్రొఫెసర్, తర్వాత ఎండీ బావమరిది, చివర నేను. బావమరిది ఆ ప్రోగ్రాంను ఒక్కసారి తెరిచి చూసినవాడు కాదు. అన్న పేరు లేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆయన పేరు ఉండాలి కదా సార్ అన్నాను. ఎండీ ఓపికగా నచ్చచెప్పాడు. ఆయన నచ్చచెప్పే తీరు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. సదస్సు వాళ్లు రచయితల చదువు అడుగుతారు, కంపెనీని పరిశోధన సంస్థగా గుర్తించమని ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాం, పదో తరగతి తప్పిన మనిషి పేరు అందులో కనిపిస్తే మన పరువేం కావాలి అన్నాడు. అసలు ఆలోచన ఆయనదే అన్నాను. అప్పుడు ఎండీ సొరుగు తెరిచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఆడవాళ్లంతా బూడిద బొట్లతో నిలబడ్డ ఆ పాత ఫొటో. అన్నాళ్లూ దాచి ఉంచాడు.

"వ్యాసంలో మొదటి బొమ్మ ఇదే కదమ్మా. పాత పద్ధతులు విఫలమయ్యాయని రాశావు. ఆ పాత పద్ధతి ఎవరిదో కూడా రాద్దామా?"

ఉన్న పద్ధతులు మన ముఖాల మీద పనిచేయవని గమనించాం అని వ్యాసంలో గంభీరంగా రాసింది నేనే. ఆ ఉన్న పద్ధతీ నేనే. ఆయన బెదిరించాడని చెప్పుకోవచ్చు కానీ, నిజానికి అంత పెద్ద బెదిరింపేం కాదు. ఉద్యోగం పోతే ఇంకోటి దొరికేది. నా తప్పు నలుగురిలో తెలుస్తుందన్న సిగ్గుకే నేను లొంగిపోయాను.

వ్యాసం చివర, మాకు సహకరించిన ఫలానా ఆయనకు కృతజ్ఞతలు అని రెండు లైన్లు పెట్టుకుని మనసు సరిపెట్టుకున్నాను. సదస్సు వాళ్లు ఆరు పేజీలు దాటకూడదన్నారు. మాది కొంచెం దాటింది. బొమ్మలు తీయడానికి లేదు, ఎండీ గారి పరిచయం తీయడానికి అసలే లేదు. ఆ కృతజ్ఞతల ముక్క తీసేయమ్మా, చదివేదెవరు అన్నాడు. తీసేశాను. నా వేలు పట్టుకుని ఎవరూ ఆ మీట నొక్కించలేదు.

సదస్సుకు ఎండీ, బావమరిది విమానంలో వెళ్లారు. అక్కడ ఎవరో ప్రశ్న అడిగితే బావమరిది హాలు బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు, బొట్టూ పాపిట్లో పెట్టుకునే సిందూరమూ ఒకటేనా అని. ఒకటి కాదని చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత కంపెనీ వెబ్‌సైట్‌లో పరిశోధనలో మా కృషి అని ఒక పేజీ వెలిసింది. మొదటిది గీతల తొలగింపు, రెండోది బొట్టును కాపాడే పద్ధతి. దాని కింద నాలుగు పేర్లు.

సదస్సు పుస్తకం వచ్చిందని తెలిసిన రోజు అన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నా బల్ల పక్కన వచ్చి నిలబడ్డాడు. మింగలేను, కక్కలేను. పుస్తకం ఎండీ దగ్గర ఉంది, నీ కాపీ రేపు ఇస్తానన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అలా అంటానని నాకే తెలియదు.

మర్నాడు అందరి కన్నా ముందు ఆఫీసుకు వెళ్లాను. వ్యాసం ఫైలు తెరిచి, పేర్ల వరుసలో ప్రొఫెసర్ పేరు తర్వాత అన్న పేరు చేర్చాను. మంచి కాగితం పెట్టి ప్రింటు తీసి, పిన్ను కొట్టి, ఆయన వచ్చాక చేతికిచ్చాను. పది నిమిషాల పని. ఆయన తన పేరు వెతికి పట్టుకుని దాని మీద వేలు పెట్టాడు. ఇంగ్లిష్ ఆయనకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, పేరు మాత్రం చదువుకున్నాడు. మధ్యాహ్నం అందరికీ చాయ్ తెప్పించాడు. ఎండీకి కూడా ఒక కప్పు వెళ్లింది. ఎందుకో ఆయన అడగలేదు, తాగేశాడు.

మొదటి పేజీని అన్న రామంతాపూర్‌లో ల్యామినేషన్ చేయించుకున్నాడని తర్వాత తెలిసింది. ఎన్నోసార్లు నిజం చెప్పేద్దామనుకున్నాను. ఇవాళ కాదు, ఆయన భార్యకు ఒంట్లో బాగాలేదట. ఇవాళ కాదు, బందు వల్ల బస్సులు లేక ఆయన చెంగిచెర్ల నుంచి నడిచొచ్చాడు. ఇవాళ కాదు, పండగ ముందు ఎందుకు. ఇలా సంవత్సరాలు గడిచాయి. తెలంగాణ కోసం సమ్మెలు జరిగాయి, రైళ్లు ఆగాయి, ప్రొఫెసర్ రావడం మానేశాడు. ఈ లోపల ఫోన్లలోనే కెమెరాలు వచ్చాయి, ల్యాబులు ఒక్కొక్కటే సెల్‌ఫోన్ దుకాణాలుగా మారాయి. మా దగ్గర పెట్టెలు కొనేవాళ్లు లేరు. రాష్ట్రం వచ్చిన ఎండాకాలంలో ఎండీ టచప్ విభాగం ఎత్తేశాడు. టచప్ విభాగం అంటే అన్న ఒక్కడే.

రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు, మధ్యాహ్నం భోజనాల వేళ, గేటు బయట చాయ్ డబ్బా కొట్టు దగ్గర నుంచి అన్న ఫోన్ చేశాడు. రోడ్డు మీద సంబరాల గులాలు ఇంకా పూర్తిగా పోలేదు. నేను కిందికి వెళ్లేసరికి అక్కడి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సంచిలోంచి ల్యామినేషన్ కాగితం తీసి మా ఇద్దరి మధ్య పెట్టాడు.

"ఒక్కటే అడుగుత చెల్లె. అసలు దాంట్ల నా పేరున్నదా, లేదా?"

లేదన్నాను. ఎందుకు లేదో చెప్పడం మొదలుపెడితే, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. జరిగింది ఆయనే చెప్పాడు. ఉప్పల్‌లో ఒక ఆఫీసులో, గుర్తింపు కార్డుల ఫొటోల్లో ముఖాలు సరిచూసే పని కొత్తగా మొదలైందట. అనుభవం ఉన్నవాళ్లు కావాలంటే వెళ్లాడు. ఈ కాగితం చూసి అక్కడి మేనేజర్ మొదట కుర్చీ వేసి కూర్చోబెట్టాడట, ఇలాంటి మనిషే మాకు కావాలన్నాడట. తర్వాత వ్యాసం పేరు కంప్యూటర్‌లో కొట్టి చూశాడు. నాలుగు పేర్లే ఉన్నాయి. మళ్లీ చూశాడు. ఇంకో ఇద్దరిని పిలిచి చూపించాడు. దొంగ కాగితం పట్టుకొచ్చాడని, పోలీసులకు చెప్పకుండా వదిలేస్తున్నందుకు సంతోషించమని పంపేశారట.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మంట వచ్చింది. నా మీద, ఎండీ మీద, ఆ మేనేజర్ మీద, అన్నిటికన్నా ఎక్కువ, అంత నెమ్మదిగా కూర్చుని చెబుతున్న ఆయన మీద. ఈ కాగితం ఎవరిచ్చారని వాళ్లు అడగలేదా, నా పేరు ఎందుకు చెప్పలేదు అని గట్టిగా అడిగాను.

"అడిగిన్రు. నేనే జేస్కున్న అని చెప్పిన. ముప్పయ్యేండ్లు టచప్ జేసినోన్ని గద, ఎంటనే నమ్మిన్రు."

మర్నాడు సెలవు పెట్టి ఆ ఆఫీసుకు వెళ్లాను. మేనేజర్ నా కన్నా చిన్నవాడు, మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆ నాలుగు పేర్లలో చివరిది నాదేనని, ఆ కాగితం నేనే తయారుచేసి ఇచ్చానని, అసలు పనిలో సగం ఆయనదేనని అంతా చెప్పాను. ఎండీ గదిలో జరిగిందీ చెప్పాను. నాలుగు నోటుబుక్కులు కూడా పట్టుకెళ్లాను. అతను ఒకటి తెరిచి, క, బొ అని వరుసగా ఉన్న అక్షరాలు చూసి మూసేశాడు. మీరు మంచివారు మేడం, పాత స్టాఫ్ కోసం ఇంతగా ఎవరు వస్తారు, కానీ మీలాంటివాళ్లు ఇలాంటి పని చేశారంటే ఎలా నమ్ముతాం అని నవ్వాడు. ఆ మనిషి తానే ఒప్పుకున్నాడు కదా అన్నాడు. ఇంకోసారి మొదటి నుంచి చెప్పాను. ఉద్యోగం ఎలాగూ వేరేవాళ్లకు ఇచ్చేశామన్నాడు.

నేను వెళ్లిన సంగతి అన్నకు ఎలాగో తెలిసింది. ఆ వారంలోనే ఫోన్ చేశాడు. ఎవరు పొమ్మన్నారు, నీ నౌకరీ కూడా పోగొట్టుకుందామనుకున్నావా అని కేకలేశాడు. అన్నేళ్లలో ఆయన నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే.